లీటరు నీళ్లు, ఒక ప్యాకెట్

చిరంజీవులు హర్షకి, చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

హర్షా, మొన్న ఫోన్‌లో విసుక్కున్నావు గుర్తుందా? "మోషన్స్ అయితే ఆ ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపిన ఉప్పు నీళ్లే ఎందుకు అమ్మమ్మా, షాపులో చల్లగా ఆరెంజ్ ఫ్లేవర్‌ది దొరుకుతుందిగా!" పెళ్లి భోజనం తేడా చేసి రెండు రోజులు మంచానికీ బాత్‌రూమ్‌కీ తిరిగినవాడివి, విసుగొస్తుందిలే. నేను జవాబు చెప్పేలోపే ఫోన్ మీ అమ్మకిచ్చేశావు. ముప్పై అయిదేళ్లు పిల్లల డాక్టరుగా చేసినదాన్ని, అడిగిన ప్రశ్నను అలా వదిలేస్తానా? చిన్నీ, వాడు సగంలో పక్కన పడేస్తే మిగతాది నువ్వు చదివి వినిపించు.

ముందు మాగాయ సంగతి. కిందటి ఎండాకాలం మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెట్టాను. మూడో రోజు మూత తీస్తే ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. "ఎవరు పోశారు?" అని చిన్ని అడిగింది. ఎవరూ పొయ్యలేదు. ముక్కలో ఉన్న నీటినే ఉప్పు బయటికి లాగింది. అదే ఊట. పంచదారకీ ఆ గుణం ఉంది. మరీ తియ్యటి నీళ్లు పేగులోకి వెళ్తే, ఒంట్లోని నీరు ఊటలా పేగులోకి దిగుతుంది. విరేచనం ఇంకా పలచనవుతుంది. నోటికి చల్లగానే ఉంటుంది కానీ ఒళ్లు ఎండిపోతుంది.

అలాగని ఉత్త మంచినీళ్లు సరిపోవు. విరేచనాలతో నీటితోపాటు ఒంట్లోని లవణాలూ పోతాయి. పేగు గోడలో ఒక చిత్రమైన తలుపు ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది. అవి లోపలికి వెళ్తే వాటి వెనకే నీరూ వెళ్తుంది. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. కలరా వచ్చి పేగు కుళాయి విప్పినట్టు నీళ్లు వదిలేస్తున్నప్పుడు కూడా ఆ తలుపు పాడవదు. దాని పని అది చేస్తూనే ఉంటుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక 1971. బంగ్లాదేశ్ యుద్ధం. లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చేశారు. బొంగావ్ అనే ఊళ్లోని ఆసుపత్రిలో కలరా రోగులకు మంచాలు చాల్లేదు, నేల మీదే పడుకోబెట్టారు. దిలీప్ మహలనబిస్ అని పిల్లల డాక్టరు, కలకత్తా నుంచి వెళ్లాడు. సెలైన్ బాటిళ్లు అయిపోతున్నాయి, ఎక్కించడానికి నేర్పు ఉన్న చేతులూ లేవు. నీళ్లలో కలిపి తాగించేద్దాం అనుకున్నాడు. లీటరుకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. కలకత్తాలో ఈ పొడులు తూచి, పాలిథిన్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అంటించి పంపేవారు. కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపి పెడితే, రోగి పక్కనున్న తల్లో తమ్ముడో కప్పుతో పట్టుకెళ్లి తాగించేవారు. అంతకు ముందు ముప్పై శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి.

అయినా చాలామంది డాక్టర్లు వెంటనే నమ్మలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లతో కలరా తగ్గడమేమిటని! మనవాళ్లని మాత్రం ఏమనగలం? నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇవాళ్టికీ సగం మంది మాట ఒకటే: "నీరసంగా ఉన్నాడమ్మా, ఒక సెలైన్ పెట్టేయండి." సూది గుచ్చితేనే వైద్యం చేసినట్టు.

మరి నా తప్పు కూడా చెప్పాలిగా. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదకొండు నెలల పాపకి విరేచనాలని ఒకావిడ తీసుకొచ్చింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టి "లీటరు నీళ్లలో కలిపి పట్టమ్మా" అన్నాను. నా వెనక క్యూ వీధి దాకా ఉంది. మర్నాడు పాప ఇంకా చిరాగ్గా, నాలుక పిడచగట్టుకుని వచ్చింది. ఎలా కలిపావో చూపించమన్నాను. అక్కడున్న స్టీలు గ్లాసు తీసుకుని నిండా నీళ్లు పోసి, ప్యాకెట్ మొత్తం అందులో వంచేసింది. "చిన్నపిల్లకి లీటరెందుకండీ, చిక్కగా ఉంటే బలమని..." పాలు చిక్కగా ఉంటే మంచివని పుట్టినప్పటి నుంచీ విన్న మనిషి. ఆమె లెక్క ఆమెకుంది. చిక్కగా కలిపితే నీరు బయటికి లాగేస్తుందని చెప్పాల్సింది నేను. పాపను నాలుగు రోజులు వార్డులో ఉంచి పంపాం. బాగైంది. ఆ తర్వాత నా బల్ల మీద ఎప్పుడూ ఒక లీటరు కొలత చెంబు ఉండేది. తల్లి చేతే కలిపించి, ఎందుకో కూడా తిరిగి నాకు చెప్పించుకునేదాన్ని.

ఈ పని బంగ్లాదేశ్‌లో 'బ్రాక్' అనే సంస్థ ఎంత పెద్ద ఎత్తున చేసిందో తర్వాత చదివాను. 1980 నుంచి పదేళ్లలో కోటీ ఇరవై లక్షల ఇళ్లకు వెళ్లారు. మూడు వేళ్లతో పట్టినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, దాదాపు అర లీటరు నీళ్లు. నేర్పే అమ్మాయికి జీతం ఎన్ని ఇళ్లు తిరిగిందన్న లెక్కన కాదు. కొన్నాళ్ల తర్వాత ఇంకొకరు వెళ్లి ఆ తల్లిని అడిగితే, ఆమెకు ఎంత గుర్తుందో దాన్ని బట్టి! నాకు అప్పట్లో అలా జీతం ఇచ్చి ఉంటే మొదటి నెల పస్తే.

నీ ఆరెంజ్ డబ్బాకి వస్తున్నా హర్షా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇప్పుడు లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. షాపులో ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్మిన కొన్ని డ్రింకుల్లో పంచదార దీనికి ఎన్నో రెట్లు. హైదరాబాద్‌లో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరు ఏళ్ల తరబడి దీని మీద వీడియోలు చేసింది, హైకోర్టుకీ వెళ్లింది. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఆ ఫార్ములా లేనిదాని మీద ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని చెప్పింది. నేను చెంబుతో చేసిన పని ఆ అమ్మాయి ఫోన్‌తో చేసింది.

ఈసారి తేడా చేస్తే, ప్యాకెట్ మీద ఎంత నీళ్లని ఉందో చదువు. పెద్దది లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. కాచి చల్లార్చిన నీళ్లు. కలిపాక మళ్లీ కాచకు, ఒక రోజు దాటితే పారబోయి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా. మలంలో రక్తం కనపడినా, ఒంటేలు ఆగినా, కళ్లు లోతుకు పోయి మగతగా ఉన్నా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. చిన్నపిల్లలకైతే జింక్ మందు కూడా రాస్తారు, విరేచనాలు ఆగినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి.

మీ వంటింట్లో లీటరు పట్టే గిన్నె ఏదో ఇద్దరూ కలిసి కొలిచి, ఎక్కడిదాకా వస్తుందో పెన్నుతో గీత గీసి, నాకు ఫోటో పంపండి. మీ అమ్మ తిడితే నా పేరు చెప్పండి.

మీ అమ్మమ్మ