ఇంటినిండా పాత్రలున్న సీరియళ్లు: అపోహలు - వాస్తవాలు

గత నెల ఒక యువ రచయిత, ఎనిమిది నెలలు కష్టపడి రాసుకున్న డైలీ సీరియల్ కథను ఫైలుగా తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో 22 పాత్రలు ఉన్నాయి. ప్రతి పాత్రకూ పుట్టిన ఊరు, చదువు, చిన్ననాటి గాయం వరకు రెండేసి పేజీల వివరాలు ఉన్నాయి. "ఈ ఇంటి పెద్ద కోడలు, ఆమె ఆడపడుచు కొడుకు వంటింట్లో ఇద్దరే మిగిలితే ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "వాళ్లిద్దరి మధ్య సీన్ లేదు మేడమ్" అన్నారు. 15 ఏళ్లుగా స్క్రీన్‌ప్లేలు రాస్తున్న నాకు ఈ సమాధానం కొత్త కాదు, కానీ విన్న ప్రతిసారీ ఆ ఎనిమిది నెలల శ్రమ తలచుకుని మనసు కలుక్కుమంటుంది.

అపోహ: పాత్రలు ఎంత ఎక్కువైతే సీరియల్ అంత రసవత్తరంగా ఉంటుంది, ఆసక్తి తగ్గితే కొత్త పాత్రను దించాలి.

వాస్తవం: ప్రేక్షకులు చూసేది ఒక పాత్ర ఎవరి ముందు ఎలా ఉంటుందన్నది. అత్తగారి ముందు తలవంచుకునే కోడలు తోడికోడలి దగ్గర గొంతు పెంచి, మామగారికి మందులు ఇచ్చేటప్పుడు మాత్రం చిన్నపిల్లలా నవ్విందంటే, ఆమె గురించి మనం రాసుకున్న రెండు పేజీల కన్నా ఎక్కువే ప్రేక్షకులకు అర్థమవుతుంది. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన హిందీ సీరియల్ 'హమ్ లోగ్'లో ఆడపిల్లల పేర్లు బడ్కీ, మఝ్లీ, ఛుట్కీ, అంటే పెద్దది, నడిపిది, చిన్నది. తోబుట్టువుల మధ్య వాళ్ల స్థానమే వాళ్ల పేరయింది. ఎవరు ఎవరికి ఏమవుతారో పిలుపులోనే తెలిసిపోయే మన ఇళ్లలో పెరిగిన రచయితలు ఈ సంగతిని మరచిపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

లెక్క కూడా చూద్దాం. ఆరు పాత్రలుంటే జంటలు 15, పది ఉంటే 45, ఇరవై రెండు ఉంటే 231. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మిగిలే సుమారు 20 నిమిషాలలో 231 బంధాలను బతికించడం ఏ రచయితకూ సాధ్యం కాదు. అమెరికన్ కామెడీ సీరియల్ 'ఫ్రెండ్స్' 1994 నుంచి 2004 వరకు పది సీజన్లు ఆరు ప్రధాన పాత్రలతోనే నడిచింది.

ఈ అపోహకు నేను కూడా మూల్యం చెల్లించాను. ఒక సీరియల్‌కు రేటింగు తగ్గుతుండగా, విదేశాల నుంచి ఒక బంధువును రప్పించమని ఛానల్ వాళ్లు అడిగితే రాశాను. రెండు వారాలు కుతూహలం కనిపించింది, ఆ తరువాత రేటింగు మునుపటి కన్నా పడిపోయింది. కారణం వెతికితే, వచ్చినావిడకు ఆ ఇంట్లో ఎవరితోనూ గతం లేదు. పైగా ఆమె సీన్లకు చోటు కోసం నాయనమ్మ, కారు డ్రైవరు రోజూ పొద్దున మాట్లాడుకునే చిన్న సీనును నేనే తీసేశాను. చిన్న మనవడు అప్పుల్లో మునిగాడని డ్రైవరుకు తెలుసు, నాయనమ్మకు తెలియదు. "చిన్నోడు బాగున్నాడా?" అని ఆవిడ అడగడం, "బాగున్నారమ్మా" అని అతను తల తిప్పుకోవడం, అంతే ఆ సీను. దాన్ని తిరిగి పెట్టిన తరువాతే కథకు ప్రాణం వచ్చింది.

అప్పటి నుంచి కథ మొదలుపెట్టే ముందు గళ్ల పట్టిక గీస్తున్నాను. అడ్డంగా, నిలువుగా అవే పేర్లు రాసి, ఒక్కో జంటకు ఒక్కో గడి చొప్పున, ప్రతి గడిలో ఒకే వాక్యం నింపుతాను: వీరి నుంచి వారు దాచేది ఏమిటి, లేదా వీరు వారికి బాకీ ఉన్నది ఏమిటి. కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నా భయపడనక్కర్లేదు, అవి రాబోయే ట్రాకులకు, అంటే ఉపకథలకు చోటు. గళ్లన్నీ ఖాళీగా ఉన్న పేరు కనిపిస్తే మాత్రం ఆ పాత్రను కొట్టివేయాలి.

మిగిలిన అపోహలు క్లుప్తంగా చెబుతాను. నటుడు మారితే సీరియల్ పోతుందని కొత్తవారు చాలా కంగారు పడతారు. ఆ భయం సహజమే, కానీ 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' చూడండి. అమృతం పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు పోషించారు. గుండు హనుమంతరావు గారి అంజితో స్నేహం, ఇంటి ఓనరు అప్పాజీతో తంటాలు, అమృత విలాస్ హోటల్లో పనిచేసే సర్వం పాత్ర అలాగే ఉన్నాయి కనుక ప్రేక్షకులు ఆ ఇంటిని విడిచిపోలేదు.

అందరికీ ప్రతి ఎపిసోడులో సమాన సమయం ఇవ్వాలన్నది సరి కాదు. వారం మొత్తంలో ఎవరి వంతు ఎప్పుడన్నది చూసుకుంటే చాలు. విలన్ తప్పనిసరి కాదు, కోరికలు ఢీకొంటే చాలు. ఇక, ఫలానా పాత్రను చంపేస్తున్నారంటూ యూట్యూబులో తిరిగే వదంతులను దయచేసి నమ్మకండి. నేను రాసిన సీరియళ్లలో పాత్ర కొన్నాళ్లు కనిపించకపోయిన ప్రతిసారీ కారణం ఆ నటుల కాల్షీటు, అంటే షూటింగుకు తేదీలు దొరకకపోవడమే. ఆ వదంతులు చూసి మా అమ్మ వయసున్న ప్రేక్షకులు నిజంగా బాధపడుతున్నారు.

ఆ యువ రచయిత నిన్న మళ్లీ వచ్చారు. ఇప్పుడు పాత్రలు తొమ్మిది, గళ్లు 36, వాటిలో ఖాళీవి పదకొండు. పెద్ద కోడలికీ ఆడపడుచు కొడుక్కీ మధ్య గడిలో ఇలా రాసి ఉంది: "అత్తయ్య దాచుకున్న డబ్బు ఎక్కడుందో ఈ ఇంట్లో వాడొక్కడికే తెలుసు."