ఆపరేషన్ తర్వాత మూడో రాత్రి

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అనగానే మనం మొదట ఆరా తీసేది సర్జన్ గురించే. ఎవరు చేస్తున్నారు, ఇప్పటిదాకా ఎన్ని చేశారు, హస్తవాసి ఎలాంటిది. అలా అడగడం సబబే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆ హస్తవాసిని కొలిచి మరీ చూశారు. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు, తాము లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) వీడియో ఒక్కొక్కటి ఇచ్చారు. అది ఎవరిదో తెలియకుండా తోటి సర్జన్లు చూసి మార్కులు వేశారు. లోపలి భాగాలను ఎంత సున్నితంగా పట్టుకున్నారు, పరికరం తడబడిందా, వృథా కదలికలు ఉన్నాయా అన్నవన్నీ గమనించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. తక్కువ మార్కులు పడిన పావు వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి కాంప్లికేషన్లు, అంటే ఆపరేషన్ వల్ల వచ్చే ఇబ్బందులు వచ్చాయి. ఎక్కువ మార్కులు పడిన పావు వంతు సర్జన్ల రోగుల్లో అవి 5.2 శాతమే. సర్జరీ నేర్చుకునే పీజీలకు థియరీ పరీక్షలు ఎన్ని పెట్టినా, వాళ్ల వీడియోను పక్కన కూర్చుని చూసి తప్పొప్పులు చెప్పే సీనియర్ అంతకన్నా ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది ఇది చదివాకే.

కానీ సర్జన్ గురించి మాత్రమే అడిగితే సగమే అడిగినట్టు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులే 2009లో ఇంకో లెక్క బయటపెట్టారు. 186 ఆసుపత్రుల్లో 84,730 మంది రోగుల రికార్డులు తీసి, మరణాల రేటును బట్టి ఆసుపత్రులను అయిదు వరుసలుగా పేర్చారు. అన్నిటికన్నా మెరుగైన వరుసలో మరణాలు 3.5 శాతం, చివరి వరుసలో 6.9 శాతం. చివరి వరుసలో కాంప్లికేషన్లు కూడా రెట్టింపు ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. అలా లేదు. రెండు చోట్లా దాదాపు పావు వంతు మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తేడా అంతా ఆ తర్వాతే. పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో చనిపోయినవారు ఒకచోట 12.5 శాతం, మరోచోట 21.4 శాతం. అంటే ఇబ్బంది రాకుండా చూడటంలో కాదు, వచ్చాక మనిషిని దక్కించుకోవడంలో కొన్ని ఆసుపత్రులు వెనకబడ్డాయి.

వార్డులో అది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణగా చూద్దాం. పేగులో కొంత భాగం తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టిన రోగి. మూడో రోజు రాత్రి పల్స్ 84 నుంచి 112కి పెరిగింది. నిమిషానికి 16 సార్లు తీసే ఊపిరి 26 అయింది. బీపీ మాత్రం బాగానే ఉంది. నొప్పి వల్లేమో అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి, పొద్దున రౌండ్స్‌లో చూద్దాంలే అనుకోవడం చాలా తేలిక. కానీ లోపల కుట్టు దగ్గర లీకై ఇన్ఫెక్షన్ మొదలైతే, గుండె వేగంగా కొట్టుకుంటూ, రక్తనాళాలు బిగుసుకుంటూ బీపీని కొంతసేపు నిలబెడతాయి. అది పడిపోయేసరికి విలువైన గంటలు చేజారిపోతాయి. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన హెచ్చరిక స్కోరు ఊపిరి, పల్స్, బీపీ లాంటివి ఎంత తేడాగా ఉంటే అన్ని ఎక్కువ పాయింట్లు వేస్తుంది. దాని ప్రకారం ఆ ఊపిరికి 3, ఆ పల్స్‌కు 2, మొత్తం 5. అయిదు వచ్చిందంటే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి. బాధేమిటంటే, చాలా వార్డుల్లో లెక్కపెట్టకుండా అందాజుగా రాసేసేది కూడా ఆ ఊపిరినే.

లెక్కపెట్టాలంటే మనిషి ఉండాలి కదా. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులపై 2002లో వచ్చిన అధ్యయనంలో, ఒక్కో నర్సుకు ఒక్కో రోగి అదనంగా చేరిన కొద్దీ, సర్జరీ అయినవారు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతూ కనిపించింది. ఒక సిస్టర్ వార్డు మొత్తాన్ని చూసుకునే రాత్రులు మనకు తెలియనివి కావు. ఆ అంకె చదివాక ఆమెను విసుక్కోవడానికి నాకైతే నోరు రాదు.

ఆమె గమనించినా, సార్‌ను నిద్ర లేపడానికి భయపడితే అక్కడే ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు అందరూ తమ పేరూ పనీ చెప్పుకోవాలన్న అంశం ఉన్నది ఈ భయం పోవడానికే. ఢిల్లీతో సహా 8 నగరాల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమంతటా అమలు చేసినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. టిక్కులు పెట్టినంత మాత్రాన జూనియర్ నోరు తెరుస్తాడన్న భరోసా లేదు మరి.

ఆఫ్రికాలో 25 దేశాల రోగులపై 2018లో వచ్చిన అధ్యయనం చదివితే మనసు చివుక్కుమంటుంది. అక్కడి రోగులు వయసులో చిన్నవారు, ఇతర జబ్బులు తక్కువ ఉన్నవారు. అయినా మరణాలు ప్రపంచ సగటుకు రెట్టింపు, వాటిలో ఎక్కువ భాగం ఆపరేషన్ రోజు దాటాకే. ముప్పు ఎక్కువున్న రోగులను తరచూ గమనిస్తే చాలేమోనని తర్వాత ఒక పెద్ద ట్రయల్ చేశారు. మరణాలు తగ్గలేదు. గమనించాక పిలిస్తే వచ్చే డాక్టరు, ఖాళీగా ఉన్న ఐసీయూ బెడ్, సమయానికి రక్తం, అర్ధరాత్రి తెరుచుకునే థియేటర్ కూడా ఉండాలి.

మన ఆసుపత్రుల్లో రోగి పక్కన రాత్రంతా ఉండేది అటెండెంట్. నాన్న మాట తేడాగా ఉందనో, అమ్మ ఆయాసపడుతోందనో మొదట పసిగట్టేది వాళ్లే. ఇంగ్లండులో 2024లో మొదలైన మార్తాస్ రూల్ ఆ కంటికి విలువ ఇచ్చింది. తమవారి పరిస్థితి దిగజారుతోందనీ, వార్డులో పట్టించుకోవడం లేదనీ అనిపిస్తే, కుటుంబం నేరుగా వేరే క్రిటికల్ కేర్ టీమ్‌ను పిలిపించుకోవచ్చు. ఆ నంబరు వార్డులోనే రాసి ఉంటుంది. మన సర్జరీ వార్డుల్లోనూ అలాంటి నంబరు ఒకటి పెట్టమని అడగాలి. అది వచ్చేదాకా, ఆపరేషన్‌కు సంతకం పెట్టే రోజే సర్జన్ వివరాలతో పాటు ఇంకో రెండు అడిగి తెలుసుకోండి: రాత్రి వార్డులో డ్యూటీ డాక్టర్ ఎవరు, పరిస్థితి విషమిస్తే ఆయన ఎవరిని పిలుస్తారు.