హబ్‌ను వదలని షాఫ్టు

మా గరాజ్‌లో రెండు వారాలుగా ఒక పాత కారు మూడు చక్రాల మీద, ఒక స్టాండు మీద నిలబడి ఉంది. వెనక వీల్ బేరింగ్ అరుస్తోంది, దాన్ని మార్చాలంటే చక్రం బిగించే మధ్య భాగమైన హబ్‌లోంచి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు బయటికి రావాలి, అది రావట్లేదు. వీడియోల్లో చూస్తే పది నిమిషాల పని: పెద్ద నట్టు విప్పు, షాఫ్టు చివర మీద ఒకటి తట్టు, కారు లోపలి వైపుకి జారిపోతుంది. నేను తట్టడం దాటి, సమ్మెట దాకా వెళ్లి, భుజం నొప్పి తెచ్చుకున్నాక గానీ లోపల ఏం జరుగుతోందో ఆలోచించలేదు.

మియాటా, సుబారు, చాలా బీఎండబ్ల్యూ కార్లలో వెనక చక్రం తిరిగేది ఇలాగే. ఇంజిన్ తిప్పుడును రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ నుంచి వచ్చే షాఫ్టు చివర చుట్టూ నిలువు గాట్లు ఉంటాయి, వాటిని స్ప్లైన్లు అంటారు. హబ్ రంధ్రం లోపలా అవే గాట్లు. ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చుంటే ఇంజిన్ తిప్పుడు చక్రానికి అందుతుంది. పైన ఒక పెద్ద నట్టు, చాలా కార్లలో 200 నుంచి 300 న్యూటన్ మీటర్ల బిగింపు. ఆ నట్టు తీసేశాక షాఫ్టును పట్టి ఉంచాల్సింది ఏమీ లేదు, కాగితం మీద అయితే.

నేనుండేది డెట్రాయిట్ పక్కన. ఈ ఊరి కింద 1100 అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది, ఆ ఉప్పునే చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు. కార్లు తయారు చేసిన ఊరు, ఆ కార్లను తినేసే ఉప్పు కూడా దాని కడుపులోనే. ఉప్పు నీరు మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండగలదు, కొన్నిచోట్ల కలిపే కాల్షియం క్లోరైడ్ అయితే గాల్లో తేమను కూడా లాగేసుకుని తనే నీరైపోతుంది. స్ప్లైన్ల మధ్య సందు మిల్లీమీటర్‌లో కొన్ని వందో వంతులే. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఆ సందు నీటిని పీల్చుకుంటుంది, గాలి ఆడదు కాబట్టి త్వరగా ఆరదు. పైగా సందు లోపల ఆక్సిజన్ తక్కువ, బయట ఎక్కువ. ఈ తేడాకే ఒక చిన్న బ్యాటరీ తయారై లోపలి ఇనుము కరగడం మొదలవుతుంది.

నాకు చాలాకాలం తుప్పు అంటే ఒక రకం జిగురు అనే భావన ఉండేది. నిజానికి అది చీల. ఇనుము ఆక్సైడ్‌గా మారితే దాదాపు రెండింతల చోటు కావాలి, నీరు కూడా కలిసిన తుప్పుకైతే ఇంకా ఎక్కువ. బయట ఉన్న తుప్పు పొట్టులా రాలిపోతుంది, సందులో పుట్టిన తుప్పు ఎక్కడికి పోతుంది? గోడ పగులులో మొలిచిన రావి మొక్కలా రెండు వైపులా నెడుతుంది. మొన్న కాకినాడ నుంచి మా బాబాయ్ ఫోన్ చేసి "పోర్టికో స్లాబు పెచ్చులు ఊడిపోతోందిరా, మేస్త్రి సిమెంటు సరిగా వేయలేదు" అన్నాడు. "మేస్త్రి సంగతి తర్వాత బాబాయ్, ముందు ఊడిన చోట చువ్వ చూడు, ఎంత ఉబ్బిందో" అన్నాను. సముద్రపు ఉప్పుగాలికి కాంక్రీటులో చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పగిలిపోతుంది. ఇక్కడ చుట్టూ ఉన్నది ఉక్కు హబ్, పగలదు. అందుకే ఆ ఒత్తిడంతా షాఫ్టును పట్టేసుకునే పట్టుగా మిగిలిపోతుంది.

ఇప్పుడు సుత్తి లెక్క. రెండు కిలోల సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి అర మిల్లీసెకనులో ఆగితే సగటున రెండు టన్నుల బలం. తక్కువేం కాదు. కానీ హబ్ ఉన్నది సస్పెన్షన్ రబ్బరు బుష్‌ల మీద; కింద ఆనుడు లేని చెక్కకి మేకు కొడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే, దెబ్బ పడగానే మొత్తం వెనక్కి ఊగుతుంది. మిగిలిన బలం షాఫ్టు నుంచి హబ్‌కి, హబ్ నుంచి బేరింగ్ గోళీలకి, వాటి మీదుగా కారుకి పోతుంది. బాగున్న బేరింగ్‌ను కూడా ఇలా కొడితే గోళీలు వాటి దారిలో గుంటలు చేస్తాయి. ఈలోగా షాఫ్టు చివర పుట్టగొడుగులా విచ్చుకుంటే ఇక ఆ మరల మీద నట్టు ఎక్కదు. నాది కొంచెంలో తప్పింది, నట్టును చివరికంటా తెచ్చి సమంగా ఉంచి కొట్టాను కాబట్టి.

స్క్రూతో నెట్టి భాగాలను విడదీసే పనిముట్టు పుల్లర్. దాని పనితీరు వేరు, నాకు అందులో నచ్చింది కూడా అదే. దాని కాళ్లను చక్రం బోల్టులకే బిగిస్తాం, మధ్య స్క్రూ షాఫ్టును నెడుతుంది. హబ్‌ను ఎంత బలంతో బయటికి లాగుతుందో షాఫ్టును అంతే బలంతో లోపలికి తోస్తుంది. బలం ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది, బేరింగ్ గోళీల మీద భారం పడదు, రబ్బరు ఊగినా పర్లేదు. అర మీటరు పానా చివర 20 కిలోల బరువు వేసినంత తిప్పితే, 20 మిల్లీమీటర్ల స్క్రూ దగ్గర అది సుమారు రెండున్నర టన్నుల తోపుడవుతుంది. అలా బిగించి వదిలేసి, అప్పుడు స్క్రూ తల మీద సుత్తితో ఒక్కటి. తుప్పు పెళుసు, సాగదు, బాగా ఒత్తిడిలో ఉన్నప్పుడు అదురుకి పగుళ్లిస్తుంది. ఆ సమయంలో పుల్లర్‌కి ఎదురుగా మాత్రం నిలబడకండి, నట్టును నాలుగు మరలైనా ఎక్కించి ఉంచండి.

పట్టేసిన భాగాలు వదలడానికి కొట్టే పల్చటి నూనె విషయంలో ఓపిక లేకపోవడమే నా తప్పు. ఆ సందులోకి పారే నూనె ఎంత లోతుకి వెళ్తుందనేది సమయం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది, అంటే రెట్టింపు లోతుకి నాలుగు రెట్ల సమయం. పది నిమిషాలకోసారి కొట్టి సుత్తి అందుకుంటే నూనె ఇంకా గుమ్మం దగ్గరే ఉంటుంది. రాత్రంతా వదిలేయాలి. అందరింట్లో ఉండే డబ్ల్యూడీ-40 కూడా 1953లో నీటిని తరిమి తుప్పు రాకుండా ఆపడానికి తయారైంది, పట్టేసిన తుప్పును వదిలించడం దాని అసలు పని కాదు.

చివరికి వేడి. 25 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 200 డిగ్రీలు వేడెక్కిస్తే 0.06 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది, ఇంచుమించు ఒక వెంట్రుక మందం. బండి చక్రానికి ఇనుప పట్టీ ఎక్కించే కమ్మరి చేసేదీ ఇదే. షాఫ్టుకి వేడి పాకేలోపు హబ్‌ను గబగబా కాల్చాలి. బేరింగ్‌లో గ్రీజు, సీళ్లు, పక్కనే ఉన్న సెన్సర్ పోతాయి, కాబట్టి బేరింగ్ ఎలాగూ మారుస్తుంటేనే ఈ పని. నూనె కొట్టిన చోట మంట పెట్టడం ఎంత తెలివితక్కువదో నాకు ఒక్కసారి భగ్గుమన్నాక అర్థమైంది. తుడిచి, ఆరనిచ్చి, పక్కన నీళ్లు కాకుండా మంటలార్పే సిలిండర్ పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను.

పుల్లర్ బిగించి ఉంది, హబ్ వేడిగా ఉంది, మూడో దెబ్బకి తుపాకీ పేలినట్టు శబ్దం. షాఫ్టు కదిలింది కేవలం మూడు మిల్లీమీటర్లు, కానీ తర్వాత చేత్తో తోస్తే వెళ్లిపోయింది. గాట్ల మధ్య ఇటుక పొడిలాంటి ఎర్రటి పొడి, రుద్దితే వేళ్ల మీద మైదాలా మెత్తగా. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి స్ప్లైన్లకు మాత్రం పల్చగా యాంటీ సీజ్ పేస్టు, అంటే మళ్లీ పట్టేయకుండా ఆపే పేస్టు, రాశాను. మరలకు రాయలేదు, అక్కడ జారుడెక్కువైతే అదే తిప్పుడుకి నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది. నట్టు కొత్తది.

కుడివైపు ఇంకా అలాగే ఉంది. దానికి నిన్న రాత్రే నూనె కొట్టాను, శనివారం దాకా ముట్టుకోను.