టైరు సైజు మారిస్తే కారులో ఏమేం మారతాయి? అపోహలు - వాస్తవాలు

టైర్లు విప్పడం, బిగించడం, వీల్ అలైన్‌మెంట్ సరిచేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడున్న దానికన్నా కొంచెం పెద్ద టైరు వేసుకోవచ్చా?" దీనికి అవుననో కాదనో వెంటనే చెప్పలేను. ఆ "కొంచెం" ఎంతో ముందు లెక్క కట్టాలి. లెక్క కట్టకుండా నాణ్యమైన టైర్లు కొని, వారం తిరగకుండానే విప్పించుకున్నవాళ్లను చూశాను. టైరుకు లోపం లేదు, కారుకూ లోపం లేదు. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు, అంతే.

అపోహ: 185 బదులు 195 వేస్తే వెడల్పు మాత్రమే పెరుగుతుంది.

తక్కిన అపోహల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది. అందుకే దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

మీ టైరు మీద 185/65 ఆర్15 అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం, టైరు లోపలి దారాలను అమర్చే ఒక పద్ధతి. 15 అంటే టైరు కూర్చునే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. మధ్యలో ఉన్న 65 మాత్రం మిల్లీమీటర్లూ కాదు, అంగుళాలూ కాదు. అది శాతం. టైరు పక్కభాగం, అంటే సైడ్‌వాల్ ఎత్తు, వెడల్పులో 65 శాతం ఉంటుందని దాని అర్థం. 185లో 65 శాతం 120.25 మి.మీ. రిమ్ వ్యాసం 381 మి.మీ. దానికి పైన ఒక సైడ్‌వాల్, కింద ఒక సైడ్‌వాల్ కలిపితే చక్రం మొత్తం ఎత్తు 621.5 మి.మీ.

ఇప్పుడు 195/65 ఆర్15 తీసుకోండి. శాతం అదే, కానీ అది ఇప్పుడు 195లో 65 శాతం. చక్రం ఎత్తు 634.5 మి.మీ. అయింది. 205/65 ఆర్15 అయితే 647.5 మి.మీ., అంటే మొదటి టైరు కన్నా 4.2 శాతం ఎక్కువ. మీరు మార్చింది వెడల్పే అనుకున్నారు, కానీ ఎత్తు కూడా మారిపోయింది.

వెడల్పు పెరగాలి, ఎత్తు నిలవాలి అంటే మధ్య అంకెను తగ్గించాలి. 205/60 ఆర్15 ఎత్తు 627 మి.మీ.; తేడా 1 శాతం లోపే. రిమ్ కూడా ఒక అంగుళం పెంచి 195/55 ఆర్16కు వెళితే 620.9 మి.మీ. అసలు టైరుకూ దీనికీ తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు.

మొత్తం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదన్నది మా వృత్తిలో పాటించే మాట. అయితే కొత్త టైరు ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, లోతు దాదాపు 8 మి.మీ. ఉంటుంది. చాలా దేశాల్లో కనీస పరిమితిగా పెట్టిన 1.6 మి.మీ. వరకు అరిగేసరికి అదే టైరు వ్యాసం దాదాపు 13 మి.మీ. తగ్గుతుంది, అంటే 2 శాతం. కాబట్టి 3 శాతం లోపు తేడాను కారు ఓర్చుకుంటుంది. నేనైతే 2 శాతం లోపు ఉంటే నిశ్చింతగా బిగిస్తాను. 3 దాటితే వద్దంటాను, బతిమాలినా సరే.

ఇంకొకటి. ఏ వెడల్పు టైరు ఏ వెడల్పు రిమ్‌కు తగినదో టైరు తయారీదారులే హద్దులు చెబుతారు. సన్నని రిమ్‌కు మరీ వెడల్పు టైరు ఎక్కిస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి, మలుపుల్లో టైరు రిమ్ మీద అటూ ఇటూ ఊగుతుంది. "ఎక్కింది కదా" అంటే సరిపోయిందని కాదు. యంత్రం బలంతో సరిపోని టైరు కూడా రిమ్ మీదికి ఎక్కుతుంది.

అపోహ: స్పీడోమీటరు దానంతట అదే సర్దుకుంటుంది.

సర్దుకోదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే కారుకు తెలుసు. ఒక్కో చుట్టుకు ఎంత దూరం వెళుతుందన్నది ఫ్యాక్టరీలో రాసిపెట్టిన అంకె. 205/65 ఆర్15 వేశాక మీటరు మునుపటిలాగే గంటకు 100 కి.మీ. చూపినా, మీరు నిజానికి ముందు వెళ్లిన వేగం కన్నా 4 శాతం ఎక్కువ వేగంతో వెళుతుంటారు.

"పెద్ద టైర్లు వేశాక ఫోనులో కనిపించే వేగం, మీటరులో వేగం సరిగ్గా కలిశాయి" అని కొందరు సంతోషంగా చెబుతారు. అది ఎందుకు కలిసిందో ఆలోచించాలి. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నియమావళి ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపనే కూడదు. ఎక్కువ మాత్రం చూపవచ్చు: అసలు వేగంలో పదో వంతు, దానిపైన మరో 4 కి.మీ. వరకు. ఆ నిబంధన తప్పకుండా ఉండేందుకు తయారీదారులు మీటరు కొంచెం ఎక్కువ చూపేలా అమరుస్తారు. మీ పెద్ద టైరు ఆ జాగ్రత్తను మింగేసింది. ఇంకో శాతం పెరిగితే మీటరు తక్కువ చూపడం మొదలవుతుంది.

అపోహ: చిన్న టైరు వేస్తే మైలేజీ పెరుగుతుంది, పెద్ద టైరు వేస్తే పడిపోతుంది.

ఇందులో కొంత నిజం, కొంత మీటరు చూపే మాయ. కారు నిజంగా 500 కి.మీ. నడిచి, 30 లీటర్ల ఇంధనం తాగిందనుకోండి. లీటరుకు 16.7 కి.మీ. అయితే 4.2 శాతం పెద్ద టైరుతో అదే దూరం మీటరులో 480గా నమోదవుతుంది. మీరు లెక్కేస్తే 16 వస్తుంది. ఇంధనం ఎక్కడికీ పోలేదు, నడిచిన దూరమే లెక్కలోకి రాలేదు. 185/60 ఆర్15 లాంటి చిన్న టైరు వేస్తే మీటరు 515 చూపుతుంది, మైలేజీ 17.2కు పెరిగినట్టు కనిపిస్తుంది. అదీ నిజం కాదు.

నిజంగా తగ్గే భాగం వేరే ఉంది. వెడల్పు టైరు గాలికి ఎక్కువ అడ్డుపడుతుంది, చాలాసార్లు దొర్లడానికీ ఎక్కువ శక్తి అడుగుతుంది. పెద్ద రిమ్, పెద్ద టైరు బరువు పెరిగితే ప్రతిసారీ ఆ బరువును తిప్పి వేగం తేవాలి, ఆపాలి. చక్రం ఎత్తు పెరిగితే కారు ఎప్పుడూ కాస్త పై గేరులో నడుస్తున్నట్టే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఈడుస్తుంది. బ్రేకుకు కూడా అదే బలంతో పెద్ద చక్రాన్ని పట్టి ఆపాల్సిన పని పడుతుంది.

అపోహ: టైరు ఎంత వెడల్పయితే అంత పట్టు.

పొడి రోడ్డు మీద, మలుపుల్లో, ఒక మేరకు నిజమే. కానీ టైరు రోడ్డును తాకే మచ్చ విస్తీర్ణం ప్రధానంగా దానిమీద పడే బరువు, లోపలి గాలి పీడనం మీద ఆధారపడుతుంది. అవి రెండూ మారనప్పుడు వెడల్పు టైరుతో ఆ మచ్చ పెద్దగా పెరగదు. ఆకారం మారుతుంది: అడ్డంగా పొడవై, నిలువుగా కురచ అవుతుంది. వాన నీటిలో ఈ ఆకారమే ఇబ్బంది. వెడల్పు టైరు ముందున్న ఎక్కువ నీటిని తక్కువ సమయంలో పక్కకు నెట్టాలి. నెట్టలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగు చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. అదే ట్రెడ్, అదే లోతు అయితే వెడల్పు టైరు తక్కువ వేగంలోనే తేలడం మొదలుపెడుతుంది. పట్టు కావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే: పెంచే వెడల్పు మీద పెట్టే డబ్బు అదే సైజులో మంచి రబ్బరున్న టైరు మీద పెట్టండి.

అపోహ: సైజు కలిస్తే చాలు, దాని పక్కన ఉన్న అంకె, అక్షరం పట్టించుకోనక్కర లేదు.

దీని గురించి నాకు చాలా పట్టింపు ఉంది. 185/65 ఆర్15 పక్కన 88 హెచ్ అని ఉంటే, 88 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 560 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగం వరకు తట్టుకుంటుందని. ఇందాక ఎత్తు చక్కగా కలిసిన 195/55 ఆర్16లో సాధారణంగా వచ్చేది 87, అంటే 545 కిలోలు. ఇంకో అంగుళం పెంచి 205/45 ఆర్17కు వెళితే ఎత్తు 616.3 మి.మీ., 1 శాతం లోపు తేడానే. కానీ ఆ సైజు మామూలు టైరు మీద 84 ఉంటుంది, అంటే 500 కిలోలు. నాలుగు టైర్ల మీద 240 కిలోలు తగ్గినట్టు. కుటుంబమంతా ఎక్కి, డిక్కీ నింపి ఎండలో వేగంగా వెళ్లేటప్పుడు ఆ లోటు టైరు లోపల వేడిగా తేలుతుంది. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసిన బలమైన రకం దొరుకుతుంది, దాని అంకె 88. అయితే ఆ బరువు మోయాలంటే దానికి ఎక్కువ గాలి పీడనం కావాలి. మీ డోరు దగ్గరి స్టిక్కరులో ఉన్న పీడనం అందులో రాసిన సైజులకే. కొత్త సైజుకు ఎంత ఉండాలో టైరు తయారీదారు పట్టికలో చూడాలి. సైడ్‌వాల్ మీద రాసి ఉన్నది గరిష్ఠ పీడనం. అంత కొట్టమని కాదు.

అపోహ: బిగించాక ఎక్కడా తగలకపోతే సరిపోయినట్టే.

లిఫ్టు మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు అన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి. పోయినసారి ఇలా వెళ్లిన కారు ఒకటి కొద్దిరోజులకే తిరిగివచ్చింది. ముందు చక్రం విప్పి చూస్తే, మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ తొడుగు మీద అరచేయంత మేర రాపిడికి నునుపై మెరుస్తోంది. అంచున ఉన్న స్క్రూ తల అరిగి తళతళలాడుతోంది. టైరు భుజం మీద చుట్టూ సన్నటి గీత, ఆ గీతలో రబ్బరు పొట్టులా లేచింది. స్టీరింగు పూర్తిగా తిప్పి, నలుగురు కూర్చుని, గుంతలో దిగినప్పుడు మాత్రమే తగిలేది. మీరూ అలాగే పరీక్షించాలి: బరువు ఎక్కించి, రెండు వైపులా చివరిదాకా తిప్పి, ముందుకూ వెనక్కీ నడిపి. లోపలి వైపు షాక్ అబ్జార్బరుకూ టైరుకూ మధ్య ఖాళీని వేలు పెట్టి చూడాలి. రిమ్ ఆఫ్‌సెట్, అంటే చక్రం లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పే కొలత, మారితే అక్కడే ముందుగా తగులుతుంది.

అపోహ: పెద్ద రిమ్ వేస్తే ప్రయాణం హాయిగా ఉంటుంది.

185/65 ఆర్15లో 120 మి.మీ. ఉన్న సైడ్‌వాల్ 205/45 ఆర్17లో 92 మి.మీ. అవుతుంది. గుంత దెబ్బను మెత్తబరిచేది ఆ ఎత్తే. అది తగ్గితే దెబ్బ రిమ్‌కు, బేరింగుకు, నడుముకు చేరుతుంది. సైడ్‌వాల్ మీద ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగాయని అర్థం. దాన్ని బాగుచేయడం కుదరదు, టైరు మార్చాల్సిందే.

గ్రౌండ్ క్లియరెన్స్ కోసం ఎత్తు టైరు వేసేవాళ్లకు ఒక్క మాట: చక్రం 26 మి.మీ. పెరిగితే కారు లేచేది 13 మి.మీ. మాత్రమే.

అపోహ: రెండే మార్చితే చాలు, మిగతా రెండూ పాతవే ఉండనీ.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే కార్లలో ఇది పెద్ద పొరపాటు. ముందు, వెనుక చక్రాల చుట్టుకొలత తేడాను మధ్యలో శక్తిని పంచే డిఫరెన్షియల్ లేదా క్లచ్ ప్రతి క్షణం భరించాలి. అది వేడెక్కి పాడవుతుంది. మామూలు కార్లలో కూడా ఒకే ఇరుసుకు రెండు సైజులు వేయకూడదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ చక్రాల వేగాలను పోల్చి చూస్తుంది. కొన్ని కార్లలో గాలి తగ్గిన హెచ్చరిక కూడా ఆ పోలిక నుంచే వస్తుంది. సైజు మార్చాక దాన్ని రీసెట్ చేయాలి.

అనుమానం ఉంటే సుద్దముక్క చాలు. టైరు కింది అంచున, నేల మీద ఒకేచోట గీత గీసి, కారును చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిరిగేలా నెట్టి కొలవండి. బరువుకు టైరు నలుగుతుంది కాబట్టి కాగితం మీది లెక్క కన్నా కొంచెం తక్కువే వస్తుంది. పాత టైరుకూ కొత్త టైరుకూ ఒకేలా కొలిస్తే తేడా కళ్లెదుటే కనిపిస్తుంది. 185/65కూ 205/65కూ మధ్య అది ఒక్క చుట్టుకు దాదాపు 8 సెంటీమీటర్లు.

స్టెప్నీని మరవకండి. నాలుగు టైర్ల సైజు మార్చి, స్టెప్నీ పాతదే ఉంచితే పంక్చరు అయిన రోజు ఇదే తేడా వస్తుంది. ముందు చక్రాలకు శక్తి అందే కారులో ముందు టైరు పంక్చరు అయితే, స్టెప్నీని వెనక్కి వేసి వెనుక చక్రాన్ని ముందుకు తెచ్చి బిగించండి. పంక్చరు వేయించే వరకు నెమ్మదిగా నడపండి. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే గంటకు 80 కి.మీ. అన్న హద్దు దాని మీదే రాసి ఉంటుంది.