జేబులో సున్నుండలు, కాళ్ళలో సున్నా

హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వెళ్ళి తిరిగి వచ్చే 200 కిలోమీటర్ల బ్రెవే అది, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, నా మొదటిది. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. తిరుగు దారిలో షాద్‌నగర్ ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా కాళ్ళు ఆగిపోయాయి. నొప్పీ లేదు, తిమ్మిరీ లేదు. పెడల్ మీద కాలు ఉంది, తొక్కాలని తెలుసు, అది మాత్రం తొక్కట్లేదు. బోర్డు మీద కిలోమీటర్లు చూసి ఇంకా ఎంత ఉందో లెక్క వేద్దామంటే మామూలు తీసివేత కూడా రాలేదు. ఎవరి మీదో తెలియని కోపం, దాని వెనకే ఏడుపు. చెరుకురసం బండి కనబడితే సైకిల్ పక్కన పడేసి కూలబడ్డాను.

బండాయన నన్ను చూసి, "ఏమైంది సార్, షుగర్ డౌన్ అయిందా?" అన్నాడు.

"నాకు షుగర్ లేదన్నా."

"అదే చెప్తున్న సార్, లేకుంటెనే గిట్లయితది."

రెండు గ్లాసులు తాగాను. పావుగంటకి మళ్ళీ మనిషినయ్యాను, తీసివేతలూ వచ్చాయి.

ఇంటికొచ్చాక జెర్సీ విప్పుతుంటే వెనక జేబుల్లో బరువు తగిలింది. ఒకదాంట్లో అమ్మ చేసిచ్చిన సున్నుండలు రెండు, ఇంకోదాంట్లో బాదం, వేయించిన పల్లీలు, మూడోదాంట్లో ఉడికించిన గుడ్డు. అన్నీ బలానికని పెట్టుకున్నవే. దారిలో మిగతా రెండు సున్నుండలు తిన్నాను, జడ్చర్ల దగ్గర నెయ్యి దోశ, వడ కూడా తిన్నాను. అంటే ఆకలితో పడిపోలేదు. పొట్ట నిండుగా ఉంది, జేబు నిండుగా ఉంది, కాళ్ళకి మాత్రం ఏమీ అందలేదు. ఈ లెక్క ఎందుకు తప్పిందో తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

మన ఒంట్లో ఇంధనం ప్రధానంగా రెండు రూపాల్లో ఉంటుంది. మొదటిది కొవ్వు. 70 కిలోల మనిషి ఒంట్లో 15 శాతం కొవ్వు అనుకుంటే పదిన్నర కిలోలు, గ్రాముకి 9 కేలరీల చొప్పున 90 వేల కేలరీల పైమాటే. దాంతో కాగితం మీద హైదరాబాద్ నుంచి కన్యాకుమారి వెళ్ళి తిరిగి రావచ్చు. రెండోది గ్లైకోజెన్, అంటే గ్లూకోజ్‌ని గొలుసులుగా కట్టి దాచుకున్న నిల్వ. ఇది కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో ఓ 100 గ్రాములు, అంతే. గ్రాముకి 4 కేలరీలు కాబట్టి మొత్తం 2000 కేలరీలు. మామూలు వేగంతో తొక్కేవాడికి గంటకి 400 నుంచి 600 కేలరీలు ఖర్చవుతాయి.

కొవ్వు పొయ్యిలో పెట్టిన మొద్దు లాంటిది. నిదానంగా, చాలాసేపు మండుతుంది, కానీ మంట పెంచాలంటే గ్లైకోజెన్ అనే చితుకులు వేయాల్సిందే. ఎత్తు ఎక్కినా, ఎదురుగాలి కొట్టినా, ముందువాణ్ణి దాటాలని పంతం పట్టినా చితుకులే ఖర్చవుతాయి. పైగా ఒక చిక్కుంది: కండరంలో దాచిన గ్లైకోజెన్ ఆ కండరానికే. దాన్ని రక్తంలోకి వదలడానికి కావలసిన ఎంజైమ్ కండరాల్లో లేదు. రక్తంలో గ్లూకోజ్ నిలబెట్టే బాధ్యతంతా దాదాపు కాలేయానిదే. రక్తంలో ఒక సమయంలో ఉండే గ్లూకోజ్ మొత్తం కలిపితే ఒక టీస్పూనంత, నాలుగైదు గ్రాములు. మెదడు దాని మీదే నడుస్తుంది. రాత్రి ఏడింటికి తిని పడుకుని, తెల్లవారుజామున అయిదింటికి ఏమీ తినకుండా బయల్దేరితే కాలేయం అప్పటికే సగం దాకా ఖాళీ అయి ఉంటుంది. నాకు తీసివేత రాకపోవడానికి కారణం ఇదే. సైక్లిస్టులు దీన్ని బాంక్ (bonk) అంటారు. పెద్ద పెద్ద చాంపియన్లకీ తప్పదు. 2013 టూర్ ద ఫ్రాన్స్‌లో ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద, పసుపు జెర్సీలో, అంటే అందరికంటే ముందున్న క్రిస్ ఫ్రూమ్‌కి శక్తి అయిపోతే జట్టు మనిషి రిచీ పోర్ట్ జట్టు కారు దగ్గరికి పోయి జెల్ (పాకంలా పిండుకుని మింగే చక్కెర ప్యాకెట్) తెచ్చిచ్చాడు. రూల్ ప్రకారం అక్కడ తిండి అందుకోకూడదు కాబట్టి ఫ్రూమ్‌కి 20 సెకన్ల పెనాల్టీ పడింది. నేనైతే ఆ క్షణంలో గంట పెనాల్టీ వేసినా ఒప్పుకునేవాణ్ణి.

ఈ సంగతి తెలిసి వందేళ్ళయింది. 1924 బోస్టన్ మారథాన్ ముగిసిన చోట డాక్టర్లు రన్నర్ల రక్తం తీసి చూస్తే, బాగా అలిసిపోయి అయోమయంగా ఉన్నవాళ్ళలో గ్లూకోజ్ అట్టడుగున ఉంది. మరుసటి ఏడాది ముందురోజు పిండిపదార్థాలు ఎక్కువగా తినిపించి, పరుగు మధ్యలో తీపి బిళ్ళలు ఇచ్చారు. గ్లూకోజ్ పడిపోలేదు, మనుషులూ తేరుకుని ఉన్నారు. నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం 1966 నాటిది. స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకే వ్యాయామ సైకిల్‌కి చెరో పక్క కూర్చున్నారు. ఒకాయన ఒక పెడల్‌ని ఒంటికాలితో, రెండో ఆయన రెండో పెడల్‌ని ఒంటికాలితో ఇక చాతకాదనే దాకా తొక్కారు. తర్వాత తమ తొడల్లోంచే సూదితో కండరం ముక్కలు తీసుకుని పరీక్షించారు. తొక్కిన కాల్లో గ్లైకోజెన్ దాదాపు ఖాళీ, తొక్కని కాల్లో నిండుగానే ఉంది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒక కాలు ఖాళీ, రెండో కాలు నిండు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తింటే, ఖాళీ అయిన కాలు రెండోదానికంటే సుమారు రెట్టింపు నిల్వ చేసుకుంది. వ్యాయామం చేసిన కండరమే ఆబగా దాచుకుంటుందని తేలింది. రైడ్‌కి ముందు రెండు రోజులు అన్నం తగ్గించేవాళ్ళని చూస్తే నాకు ఈ రెండు తొడలే గుర్తొస్తాయి.

సరే, నిల్వ చిన్నది, దారిలో నింపుకోవాలి. మరి నేను నింపుకున్నాను కదా? తప్పు అక్కడే జరిగింది. నోట్లో వేసుకున్నది కాళ్ళకి చేరాలంటే ముందు పొట్ట దాన్ని కిందికి వదలాలి. కొవ్వు, మాంసకృత్తులు, పీచు ఎక్కువగా ఉంటే పొట్ట తలుపు ఆలస్యంగా తీస్తుంది. పల్లీల్లో దాదాపు సగం కొవ్వే, పావు వంతు మాంసకృత్తులు. సున్నుండలో బెల్లం ఉన్నా, ఆ బెల్లాన్ని నెయ్యీ మినప్పిండీ పట్టుకుని కూర్చుంటాయి. దోశ సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు ఈ ఆలస్యం మంచిదే, ఆకలి త్వరగా వేయదు. సైకిల్ మీద మాత్రం రక్తం కాళ్ళకి, చల్లబరచడానికి చర్మానికి పోతుంది, పేగులకి మిగిలేది తక్కువ. ఎండలో ఇంకా తక్కువ. అందుకే నా జడ్చర్ల దోశ షాద్‌నగర్ దాకా పొట్టలోనే సవారీ చేసింది.

పొట్ట దాటాక పేగు గోడ ఉంది. గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే తలుపు అక్కడ ఒకటి ఉంటుంది, అది సోడియంతో కలిసి వస్తేనే గ్లూకోజ్‌ని రానిస్తుంది. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజ్, ఉప్పు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించింది ఈ తలుపు గుండానే. మనం ఓఆర్‌ఎస్ అని పిలిచే ప్యాకెట్ అదే. ఈ తలుపులోంచి గంటకి సుమారు 60 గ్రాములకి మించి గ్లూకోజ్ పట్టదు, ఎక్కువ తింటే పేగులోనే ఉండి నీళ్ళు లాగి కడుపు గడబిడ చేస్తుంది. అయితే ఫ్రక్టోజ్‌కి వేరే తలుపు ఉంది. రెండూ కలిపి తింటే గంటకి 90 గ్రాముల దాకా వాడుకోవచ్చని ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో అస్కర్ యూకెన్‌డ్రుప్ బృందం చూపించింది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సగం సగం ఉండే పదార్థం ఏదా అంటే మన పంచదారే. బెల్లం, చెరుకురసం కూడా ఎక్కువ భాగం అదే. బండాయన నాకు రెండు తలుపులూ ఒకేసారి తెరిచాడన్నమాట.

ఇంత చక్కెర తింటే షుగర్ రాదా అని ఇంట్లో అడుగుతారు. సోఫాలో కూర్చుని తినేవాడికి ఆ భయం న్యాయమే. పని చేస్తున్న కండరం సంగతి వేరు, అది ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండా రక్తంలోంచి గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. రైడ్ అయిపోయాక కూడా అదే పద్ధతిలో బిస్కెట్లు తింటే అమ్మ మాటే రైటు. ఇప్పటికే షుగర్ ఉండి మందులో ఇన్సులినో వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా నా లెక్కలు పాటించొద్దు.

ఇక జేబులోకి ఏం వేసుకోవాలి? నా మొదటి ఓటు మామిడి తాండ్రకి. ఆత్రేయపురం వైపు నుంచి ఎవరొచ్చినా ఇదే తెమ్మంటాను (పూతరేకులు కూడా తెస్తారు, సైకిల్ మీద అవి గాలికి పోతాయి). మామిడి గుజ్జు, చక్కెర, రెండు తలుపులకీ సరుకు. కొవ్వు దాదాపు లేదు, ఎండకి కరగదు, ఒంటిచేత్తో తినొచ్చు. వేలెడంత ముక్కలు కోసి, అంటుకోకుండా బటర్ పేపర్‌లో ఒక్కోటి చుట్టుకుంటాను. బుగ్గన పెట్టుకుంటే నమలకుండానే నిదానంగా కరుగుతుంది. నమలకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రొప్పుతూ మిక్చరో మరమరాలో నమిలి ఒక పలుకు గొంతుకి అడ్డం పడితే తెలుస్తుంది. నాకు ఒకసారి ఫ్లైఓవర్ ఎక్కుతూ పల్లీపట్టీ పలుకు అడ్డం పడి, పక్కన లారీ ఉండగా దగ్గుతూ వంకరటింకరగా పోయాను. పల్లీపట్టీ మంచిదే, ఆగి తినాలి.

రెండోది ఇడ్లీ. ఆవిరి మీద ఉడికింది, నూనె లేదు, ఉప్పు ఉంది, చిన్న ఇడ్లీకి పది పన్నెండు గ్రాముల పిండిపదార్థం. దీంట్లో గ్లూకోజ్ తలుపుకి మాత్రమే సరుకు ఉంటుంది కాబట్టి తాండ్రతోనో బెల్లం ముక్కతోనో జత చేస్తాను. కారప్పొడి, నూనె ఇంట్లోనే వదిలేయండి, వంగి తొక్కుతుంటే గుండెలో మంట. అరటిపండు అందరికీ తెలిసిందే, మోస్తరు పండుకి 25 గ్రాములు, తొక్క మీద మచ్చలొచ్చినదైతే పిండి చక్కెరగా మారి ఉంటుంది. జేబులో పెట్టుకోకండి, అరవై కిలోమీటర్లకి హల్వా అవుతుంది. ప్రతి ఊళ్ళో బండి మీద దొరుకుతుంది. ఖర్జూరం బాగుంటుంది, గింజ తీసి పెట్టుకుంటే. బిస్కెట్లు టీలో ముంచుకుని తినడానికే. కంపెనీ జెల్స్ పనిచేస్తాయి, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు, ధర మీద ఉంది.

మిరపకాయ బజ్జీ గురించి అడగకండి. తింటాను. కానీ రైడ్ చివర.

నీళ్ళ దగ్గర ఒక పొరపాటు అందరం చేస్తాం, ఎండ కదా అని ఉట్టి నీళ్ళు లీటర్లు లీటర్లు తాగేస్తాం. లీటరు చెమటలో అర గ్రాము నుంచి రెండు గ్రాముల లోపు సోడియం పోతుంది. ఉట్టి నీళ్ళు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి అలా అయింది. కొబ్బరినీళ్ళు హాయిగా ఉంటాయి కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, ఉప్పు లోటు తీరదు. నేను 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో మూడు టేబుల్ స్పూన్ల పంచదార, పావు టీస్పూను ఉప్పు, సగం నిమ్మకాయ పిండుకుంటాను. దాంట్లోనే 37 గ్రాములు వచ్చేస్తాయి. రెండో బాటిల్‌లో ఉట్టి నీళ్ళు, పళ్ళు పుచ్చకుండా నోరు పుక్కిలించడానికి కూడా. నా లాంటి వేగానికి మొత్తం గంటకి 40 నుంచి 60 గ్రాములు చాలు, 90 దాకా పోయేది పోటీలవాళ్ళు. ఆకలి వేసే దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే, అందుకే ఫోన్‌లో ఇరవై నిమిషాలకోసారి అలారం పెట్టుకున్నాను. గుడి గంటలా మోగుతుంటే తోటివాళ్ళు విసుక్కుంటారు, వాళ్ళే ముక్క అడిగి తింటారు.

ఏడెనిమిది గంటలు దాటాక ఇంకో సమస్య. తీపి అంటేనే వెగటు పుడుతుంది, జేబులో ఉన్నా చెయ్యి పోదు. అప్పుడు చింతపండు పులుపుండే పులిహోర రెండు ముద్దలో, ఉప్పేసిన మజ్జిగో, పెరుగన్నమో ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. నాలుకని తక్కువ అంచనా వేయకూడదు. 2004లో బర్మింగ్‌హామ్‌లోనే ఒక ప్రయోగంలో సైక్లిస్టులు రుచిలేని పిండిపదార్థపు నీళ్ళని కొద్ది సెకన్లు పుక్కిలించి ఉమ్మేశారు, మింగనే లేదు. గంట సేపటి పరీక్షలో దాదాపు 3 శాతం మెరుగ్గా తొక్కారు. అదే బృందం నేరుగా రక్తంలోకి గ్లూకోజ్ ఎక్కించి చూస్తే తేడా రాలేదు. తిండి వస్తోందని నోరు మెదడుకి కబురు పంపుతుంది, మెదడు పట్టు కాస్త సడలిస్తుంది.

అమ్మ ఇప్పటికీ సున్నుండలు కట్టి ఇస్తుంది. వద్దనను. 400, 600 కిలోమీటర్ల రైడ్లలో రాత్రి పదకొండింటికి పెట్రోల్ బంకు పక్కన అరుగు మీద అరగంట ఆగుతాం, ఆ తర్వాత తెల్లారేదాకా నిదానంగానే తొక్కుతాం, మొద్దు మీదే పొయ్యి నడిచిపోతుంది. డబ్బా మూత తీయగానే నెయ్యి వాసన, చుట్టూ నలుగురు చేతులు. నాకు మిగిలేది ఒకటే.