పెళుసు ఎముకల పిల్లలు: 1998లో పక్కన పెట్టిన ప్రశ్న

2025 డిసెంబర్ చివర్లో వచ్చిన ఒక ప్రకటన ఎన్నో ఏళ్ల ఆశ మీద నీళ్లు చల్లింది. పెళుసు ఎముకల జబ్బుకు సెట్రుసుమాబ్ అనే కొత్త మందు మీద జరిగిన రెండు పెద్ద పరీక్షలూ అసలు లక్ష్యాన్ని అందుకోలేదని అల్ట్రాజెనిక్స్ కంపెనీ చెప్పింది. ఎముకల సాంద్రత పెరిగింది. ఎముకలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. దాంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. స్కాన్‌లో ఎముక గట్టిపడినట్టు కనిపిస్తే మందు పనిచేసినట్టే కదా అని ఒక వర్గం. బిడ్డ కాలు విరక్కుండా ఆపనప్పుడు ఆ అంకె ఎందుకని ఇంకో వర్గం.

ఈ జబ్బు (ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా) చాలామందిలో కొలాజెన్ (ఎముకకు ఆధారంగా ఉండే ప్రోటీన్) జన్యువుల్లో లోపం వల్ల వస్తుందనీ, సుమారు 15 నుంచి 20 వేల జననాల్లో ఒకరిలో కనిపిస్తుందనీ ఇప్పటికే చాలాసార్లు రాశారు. అదంతా మళ్లీ చెప్పను. ఈరోజు గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1998.

ఆ ఏడాది కెనడాలో, మాంట్రియల్‌లోని ష్రైనర్స్ ఆస్పత్రి నుంచి ఫ్రాన్సిస్ గ్లోరియూ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. జబ్బు తీవ్రంగా ఉన్న 30 మంది పిల్లలు, 3 నుంచి 16 ఏళ్ల వాళ్లు. మందు పామిడ్రోనేట్, బిస్ఫాస్ఫోనేట్ జాతిది. అప్పటికే క్యాన్సర్ రోగుల్లో రక్తంలో పెరిగిపోయిన కాల్షియాన్ని దించడానికి వాడేవాళ్లు. పిల్లలకు నాలుగు నుంచి ఆరు నెలలకోసారి, వరుసగా మూడు రోజులు డ్రిప్‌లో ఎక్కించారు. సాంద్రత సగటున ఏడాదికి దాదాపు 42 శాతం పెరిగింది. ఫ్రాక్చర్లు సగటున ఏడాదికి 1.7 తగ్గాయి. 16 మందిలో కదలిక మెరుగైంది. ఒళ్లు నొప్పులు తగ్గాయి. అప్పటిదాకా డాక్టర్ల చేతిలో ఉన్నవి కట్లు, ఎముకల్లోకి దూర్చే రాడ్లు, ఫిజియోథెరపీ. ఆ పరిస్థితిలో ఈ అంకెలు చూసిన ఏ తల్లిదండ్రులైనా మా బిడ్డకూ ఎక్కించండి అంటారు. అన్నారు కూడా. చూస్తుండగానే ఆ డ్రిప్ చాలా దేశాల్లో మామూలు వైద్యం అయిపోయింది.

ఆ అధ్యయనంలో పోల్చి చూడటానికి మందు ఇవ్వని పిల్లల గుంపు లేదు. ఒక్కో బిడ్డనూ ఆ బిడ్డ గతంతోనే పోల్చారు. నా దృష్టిలో ఆ తర్వాత జరిగిన కథంతా ఇక్కడే మలుపు తిరిగింది. ఎందుకంటే ఈ జబ్బులో ఫ్రాక్చర్లు వయసుతో పాటు వాటంతట అవే తగ్గుతాయి, ముఖ్యంగా యుక్తవయసు వచ్చాక. పైగా పిల్లల్ని పెద్దాసుపత్రికి తీసుకొచ్చేది పరిస్థితి మరీ చెయ్యి దాటినప్పుడే. ఒక ఏడాది నాలుగుసార్లు విరిగిన బిడ్డకు, మందున్నా లేకపోయినా మరుసటి ఏడాది నాలుగు కంటే తక్కువ ఉండే అవకాశమే ఎక్కువ. తగ్గిన 1.7లో మందు వాటా ఎంత, కాలం వాటా ఎంత అన్నది ఆ లెక్కలోంచి విడదీయలేం.

మాంట్రియల్ వైద్యుల వైపు నుంచీ న్యాయమైన మాట ఉంది. నొప్పితో ఏడుస్తున్న బిడ్డకు ఉత్తి సెలైన్ ఎక్కించి చూడటానికి మనసు ఒప్పదు. నలిగిపోయిన వెన్నుపూసలు తిరిగి ఆకారం తెచ్చుకోవడం వాళ్లు చూశారు.

చిక్కేమిటంటే, అందరికీ డ్రిప్ మొదలయ్యాక పోల్చడానికి మందు లేని పిల్లలు దొరకడమే కష్టమైపోయింది. తర్వాతి పరీక్షలు ఎక్కువగా అదే జాతికి చెందిన అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్ లాంటి నోటి మాత్రలతో జరిగాయి. 2011లో వచ్చిన ఫలితంలో 139 మంది పిల్లలకు రెండేళ్లు అలెండ్రోనేట్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. సాంద్రత బాగా పెరిగింది, ఫ్రాక్చర్ల తేడా మాత్రం తేలలేదు. అంతకు ముందు 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 18 మంది పిల్లలతో జరిగిన పరీక్ష పామిడ్రోనేట్‌నే నేరుగా చూసింది. వెన్నుపూసలకు మేలు కనిపించింది, చేతుల ఫ్రాక్చర్లు తగ్గాయి, కానీ నొప్పి, కదలిక, కాళ్ల ఫ్రాక్చర్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో వైపు బరువున్న సాక్ష్యం 2013 నాటి రిసెడ్రోనేట్ పరీక్ష. ఏడాదిలో ఫ్రాక్చర్ అయినవాళ్లు మందు గుంపులో 31 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 49 శాతం. అన్నిటినీ కలిపి చూసిన 2016 కాక్రేన్ సమీక్ష, సాంద్రత పెరుగుతుందని గట్టిగా చెప్పి, ఫ్రాక్చర్లు తగ్గుతాయని మాత్రం అంత గట్టిగా చెప్పలేకపోయింది.

ఎముకలో నిజంగా ఏం జరుగుతుందో పిల్లల ఎక్స్‌రేలోనే చూడొచ్చు. మన ఎముకను కొన్ని కణాలు కొరికేస్తుంటే ఇంకొన్ని కణాలు కడుతుంటాయి. బిస్ఫాస్ఫోనేట్ ఎముక పైపొరకు అంటుకుని, కొరికే కణాలను చంపుతుంది. కట్టే పని సాగుతుంటుంది కాబట్టి ఎముక మందమవుతుంది. కానీ కట్టే సరుకు అదే లోపమున్న కొలాజెన్. డ్రిప్ ఎక్కిన ప్రతిసారీ ఎదిగే ఎముక చివర ఒక సన్నటి తెల్ల గీత పడుతుంది. మోకాలి ఎక్స్‌రే పైకి పట్టి చూస్తే, జీబ్రా చారల్లా ఒకదాని వెనక ఒకటి. వాటిని లెక్కపెడితే బిడ్డకు ఎన్నిసార్లు డ్రిప్ ఎక్కిందో చెప్పేయొచ్చు.

సెట్రుసుమాబ్ దారి వేరు. కట్టే కణాలకు బ్రేకు వేసే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్‌ను అది అడ్డుకుంటుంది. కట్టుబడి వేగం పెరుగుతుందన్న ఆలోచన నిజంగా బాగుంది. అయితే ఆశలు పెంచిన ఫలితం చూడండి: రెండో దశలో 24 మంది, అందరికీ మందు ఇచ్చారు, ఫ్రాక్చర్ల వార్షిక రేటు 67 శాతం తగ్గిందన్నారు. దేనితో పోలిస్తే? వాళ్లదే మందుకు ముందు రెండేళ్ల లెక్కతో. 1998 నాటి కొలబద్దే. మొదట్లో చెప్పిన రెండు పెద్ద పరీక్షల్లో ఒకటైన మూడో దశ ఆర్బిట్ పరీక్షలోకి తీసుకోవడానికి గడిచిన ఏడాదిలో కనీసం ఒక ఫ్రాక్చరో, రెండేళ్లలో రెండో ఉండాలన్నది షరతు. అంటే మరీ చెడ్డ రోజుల్లో ఉన్నవాళ్లే వచ్చారు. ఈసారి పక్కన ఉత్తుత్తి మందు గుంపు ఉంది కాబట్టి అసలు తేడా ఎంతో బయటపడింది.

రెండో పరీక్ష కాస్మిక్ నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తోంది. రెండేళ్లు నిండి ఏడేళ్లలోపు పిల్లల్లో సెట్రుసుమాబ్‌ను బిస్ఫాస్ఫోనేట్ డ్రిప్‌తో పోల్చారు. కొత్త మందు పాతదాన్ని మించిందని తేలలేదు. కానీ పాతది ఫ్రాక్చర్లను ఎంత ఆపుతుందన్నదే సరిగ్గా తేలలేదు కదా. అందుకే ఈ ఫలితం చూసి కొత్త మందు బొత్తిగా పనికిరాదనీ అనలేం, పాతది గెలిచిందనీ అనలేం.

ప్రస్తుతానికి తీవ్రమైన జబ్బున్న బిడ్డకు దొరికేది ఆ పాత డ్రిప్పే, పామిడ్రోనేట్ గానీ తక్కువ సమయంలో ఎక్కే జోలెడ్రోనేట్ గానీ. మొదటిసారి ఎక్కించిన ఒకటి రెండు రోజుల్లో జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. కాల్షియం పడిపోతుందన్న టెన్షన్‌తో విటమిన్ డి ముందే సరిచూస్తారు. ఎప్పుడు ఆపాలన్నది మరో బెంగ. ఎదుగుతున్న వయసులో ఆపేస్తే చివరి తెల్ల గీత తర్వాత పెరిగే ఎముకకు మందు అందదు. గట్టిపడిన పాత భాగం, పెళుసైన కొత్త భాగం కలిసే ఆ చోటే విరిగిన పిల్లలున్నారు. అందుకే చాలామంది డాక్టర్లు డోసు తగ్గించైనా సరే, బిడ్డ ఎత్తు ఎదగడం ఆగేదాకా డ్రిప్ కొనసాగిస్తున్నారు.