వేల కోట్ల బోరుబావుల్లో నీలిరంగు

మలక్‌పేట నుంచి ఒక పాఠకుడు రాశారు. ఆయన మేనమామ 1980లలో గల్ఫ్ నుంచి తెచ్చిన బీఎంఎక్స్ సైకిల్ ఇన్నేళ్లూ డాబా మీదే పడి ఉందట. ఇప్పుడు బాగుచేస్తున్నారు. నీలిరంగు అల్యూమినియం రిమ్ములను అసలు రంగు పోకుండా ఎలా తోమాలని ఆయన ప్రశ్న.

క్రోమ్ భాగాల సంగతి తేలిక. తుప్పు మచ్చ మీద అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లు తడుపుతూ రుద్దండి. క్రోమ్ దానికంటే ఎంతో గట్టిది కాబట్టి గీతల భయం పెద్దగా లేదు. నన్ను పట్టుకున్నది ఆ నీలం.

అది పెయింటు కాదు. ఫ్యాక్టరీలో రిమ్మును సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, కరెంటు పాజిటివ్ వైపు కలుపుతారు. దీన్నే అనోడైజింగ్ అంటారు. లోహం మీద ఆక్సైడ్ పొర పెరుగుతూ ఉంటుంది, ఆమ్లం దాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తూ ఉంటుంది. ఈ పెనుగులాటలో పొర నిండా సన్నటి గొట్టాలు ఏర్పడతాయి.

మన ఊరి బోరుబావిని తలుచుకోండి. 6 అంగుళాల వెడల్పు, 300 అడుగుల లోతు. అంటే లోతు వెడల్పుకు 600 రెట్లు. ఈ గొట్టం వెడల్పు 15 నానోమీటర్లు, లోతు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) అనుకుంటే ఇంచుమించు అదే లెక్క. కాకపోతే చదరపు సెంటీమీటరుకు ఇలాంటివి వేల కోట్లు! ఇంటికో బోరు వేసిన మన కాలనీలు దీని ముందు దిగదుడుపే. ఇంకో తేడా ఉంది. మనకైతే రిగ్గు వచ్చి రాయిని తొలవాలి. ఇక్కడ అడుగున ఉన్న లోహమే ఆక్సైడ్‌గా మారుతూ గోడలు కట్టుకుంటూ పోతుంది, నేలే తన బావిని తాను తవ్వుకున్నట్టు.

తర్వాత రంగునీళ్లలో ముంచితే బోర్లన్నీ రంగు తాగేస్తాయి. ఆఖరున మరిగే నీళ్లు. ఆక్సైడ్ నీటిని పట్టుకుని, రాత్రి నానేసిన శనగల్లా ఉబ్బి, బోరు మూతిని మూసేస్తుంది. రంగు లోపలే ఉండిపోతుంది.

ఈ పొర పీహెచ్ సుమారు 4 నుంచి 9 దాకానే తట్టుకుంటుంది. పీహెచ్ అంటే పులుపు, క్షారాల కొలత: 7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. బడిలో పీహెచ్ అంటే కాగితం రంగు మారడమే అన్నట్టు చెప్పి వదిలేస్తారు. వంటింటి డబ్బాలన్నీ పిల్లలతో ఒక్కసారి కొలిపిస్తే ఎంత బాగుండును! నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, బట్టలసోడా నీళ్లు 11 దగ్గర. చింతపండు కూడా బాగా పులుపే, కాబట్టి అమ్మమ్మ ఇత్తడి బిందెకు చేసిన వైద్యం ఈ రిమ్ముకు వద్దు. దసరాకు చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తారు కదా, దాంతో దిష్టి పోతుందో లేదో గానీ, ఆ రసం రిమ్ము మీద ఎండిపోతే రంగుకే దిష్టి తగులుతుంది.

నేనూ చేశాను ఒక ఘనకార్యం. జుమ్మేరాత్ బజార్‌లో కొన్న ఎర్రటి సీటు క్లాంపుకు జిడ్డు వదలడం లేదని కాస్టిక్ సోడా నీళ్లలో పడేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎరుపు పలచబడింది, ఆ వెంటనే బుస్సున బుడగలు. ఆక్సైడ్ పొర మొత్తం కరిగిపోయి, కాస్టిక్ అసలు లోహాన్ని అందుకుందన్నమాట. ఆ బుడగలు హైడ్రోజన్. పటకారుతో బయటికి తీస్తే సుద్దముక్కలా మసక తెలుపు.

కాబట్టి జిడ్డుకు కిరసనాయిలు తడిపిన గుడ్డ. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, పాత టూత్‌బ్రష్. పచ్చ స్క్రబ్బర్ జోలికి పోవద్దు. దాంట్లోని గరుకు గింజలు మామూలుగా అల్యూమినియం ఆక్సైడే, వజ్రాన్ని వజ్రంతో కోసినట్టవుతుంది.

ఎండకు వెలిసిన చోట మాత్రం ఏం తోమినా లాభం లేదు. అక్కడ బోర్లు బాగానే ఉన్నాయి, లోపలి రంగు అణువులను అతినీలలోహిత కిరణాలు విరగ్గొట్టాయి. అసలు నీలం ఎలా ఉండేదో చూడాలంటే టైరు ఊడదీసి, ట్యూబు కింద ఉన్న పట్టీ తొలగించండి. నలభై ఏళ్లుగా ఎండ మొహం చూడని రిమ్ము అక్కడ ఉంటుంది. వీలైతే నాకొక ఫొటో పంపండి.